రిమోట్ సెల్లు నెల తిరక్కుండానే అయిపోతున్నాయి, హోల్‌సేలర్ మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర నాకు చిన్న వాచీ రిపేరు షాపు ఉంది. కారు రిమోట్లకు, వెయిట్ మిషన్లకు వేసే 2032 బటన్ సెల్లు వెయ్యి, వేరే రాష్ట్రం హోల్‌సేలర్ నుంచి తెప్పించాను. రూ. 11,000 ఫోన్‌పేలో కట్టాను. కొన్ని నేనే రిమోట్లలో వేస్తాను, కొన్ని పక్క షాపులకు ఇస్తాను. మూడు వందలు పోయాక, నెల కూడా రావడం లేదని కస్టమర్లు తిరిగి తెస్తున్నారు. పేరున్న కంపెనీ ముద్రే ఉంది, కానీ డూప్లికేట్ అని అనుమానం. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు చూపిస్తున్నాడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: కేసు సంగతి తర్వాత. ముందు ఆ మిగిలిన ఏడు వందలు అమ్మడం ఆపండి.

నకిలీ మార్కు సరుకు అమ్మితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 104వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. తగిన జాగ్రత్త తీసుకున్నాను, అనుమానించే కారణం లేదు, ఎవరి దగ్గర కొన్నానో చెప్పాను అనేవారికి రక్షణ ఉంది. అనుమానం వచ్చాక కూడా అమ్మినవారికి ఉండదు. పేరున్న కంపెనీ సెల్లు పదకొండు రూపాయలకే ఎలా వచ్చిందని కూడా అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

ఇంకో కారణం: 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, వద్దని చెప్పకుండా సమయం గడిపినా, సొంత సరుకులా అమ్ముకుంటూ పోయినా ఒప్పుకున్నట్టే. మూడు వందలు అమ్మేశారు కాబట్టి మొత్తం లాటు తిప్పికొడతానంటే అతను అడ్డు చెబుతాడు. అయినా 59వ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే హక్కు పోదు. కాబట్టి ఈరోజే వాట్సాప్‌లో, స్పీడ్ పోస్టులో రాయండి: సరుకు పనికిరాదు, తీసుకెళ్లండి, డబ్బు వెనక్కివ్వండి అని.

వినియోగదారుల కమిషన్ దారి నేను సూచించను. 2019 చట్టం ప్రకారం తిరిగి అమ్మడానికి కొన్నవారు వినియోగదారులు కారు. పొట్టకూటికి స్వయం ఉపాధిగా వాడుకునేవారికి మినహాయింపు ఉంది గానీ, పక్క షాపులకు ఇచ్చినవి అందులోకి రావు. రిమోట్లో మీ చేత్తో వేసినవి? 'సెల్లు ధర వేసి తీసుకుంటున్నారుగా, అదీ అమ్మకమే' అని అవతలి లాయరు లేస్తాడు. నేనైనా అలాగే లేస్తాను. ఆ వాదనతోనే ఏడాది గడిచిపోతుంది.

సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది. ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర పేరు, నంబరు చెప్పి కొన్నప్పుడు అది మార్కెట్లో చెల్లే నాణ్యతతో ఉండాలని సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్. డబ్బు కట్టాక వచ్చిన బిల్లు మీద అచ్చేసిన ముక్కను మీరు ఒప్పుకున్న షరతు అనలేరని వాదించవచ్చు. అయితే ఆ బిల్లు అడుగున సన్న అక్షరాలు చదవండి. 'తగాదాలన్నీ మా ఊరి కోర్టులోనే' అని ఉంటే, దాని మీదా ఇదే వాదన చేయవచ్చు గానీ, విజయనగరంలో దావా నిలబెట్టడం కష్టం కావచ్చు. పదకొండు వేల కోసం వాయిదాలకు రైలెక్కలేరు కదా. నోటీసుకు కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే రాజీకి అర్జీ పెట్టండి. ఫీజు ఉండదు. అతను వచ్చి ఒప్పుకుంటే లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

సాక్ష్యం విషయంలో ఒక మెలిక. సెల్లుకు మీటరు పెట్టి 'మూడు వోల్టులు ఉందిగా' అని అతను వీడియో పంపుతాడు. లిథియం సెల్లు చాలావరకు అయిపోయినా, లోడు, అంటే కరెంటు లాగే పరికరం, లేనప్పుడు ఇంచుమించు అంతే చూపిస్తుంది. లోడు పడితేనే జారిపోతుంది. అందుకే రెండు ట్రేలు సీలు విప్పకుండా ల్యాబుకు ఉంచండి. తిరిగొచ్చిన ప్రతి సెల్లుకూ టేపు చుట్టి తేదీ రాయండి. గుట్టగా పోస్తే ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతాయి, పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. వాట్సాప్ చాట్ చెరిపేయకండి. కోర్టుకు దాని ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఫోన్ రికార్డును ధ్రువీకరించే పత్రం, కావాలి.

పక్క షాపులకు ఇచ్చినవి కూడా ఈ వారమే వెనక్కి తెప్పించుకోండి. వాళ్లకు హోల్‌సేలర్ మీరే. ఇప్పుడు మీరు అతనికి రాసే నోటీసే రేపు వాళ్లు మీకు రాయగలరు.