వెన్నుపాము తిరిగి పెరిగే చేపలపై పరిశోధన: మా అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతిలో జీవశాస్త్రం చదువుతోంది. వెన్నుపాము తెగినా మళ్లీ ఈదగలిగే చేపల గురించి చదివినప్పటి నుంచి, దానిమీదే పరిశోధన చేస్తానంటోంది. అందుకు మెడిసిన్ చదవక తప్పదని మేమనుకుంటున్నాం. నిజమేనా?

జవాబు: మీ అమ్మాయి చదివిన విషయం నిజమే. జీబ్రాఫిష్ వెన్నుపామును పూర్తిగా కోసినా, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అది మళ్లీ ఈదుతుంది. వెన్నుపాము నడుమ ఉండే సన్నని కాలువను ఆనుకున్న గ్లియల్ కణాలు (నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలు) గాయం తర్వాత విభజన చెంది, తెగిన రెండు కొసల మధ్య వంతెనలా సాగుతాయి. ఆక్సాన్లు, అంటే నాడీకణాల నుంచి సాగే పొడవైన పోగులు, ఆ ఖాళీని దాటుతాయి, కొత్త న్యూరాన్లు (నాడీకణాలు) కూడా పుడతాయి. సీటీజీఎఫ్ఏ అనే జన్యువు పనిచేయకపోతే ఆ వంతెన సరిగా ఏర్పడదని 2016లో తేలింది. సాలమాండర్ జాతికి చెందిన ఆక్సోలాటల్‌కూ, దవడలు లేని చేప లాంప్రేకూ ఈ శక్తి ఉంది. ఆఫ్రికా జాతి కప్ప జెనోపస్ తోకకప్ప దశలో దీన్ని చూపి, పెద్ద కప్పగా మారేసరికి కోల్పోతుంది. నా దృష్టిలో అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే, ఎందుకంటే ఉన్న శక్తి ఎలా పోతుందో ఒకే జీవిలో చూడవచ్చు.

మనిషిలో గాయం చుట్టూ మచ్చ కడుతుంది. వాపు పక్కలకు పాకకుండా అది కొంత కాపాడుతుంది కాబట్టి దాన్ని కేవలం శత్రువుగా చూడకూడదు. అయితే నాడీకణాలకు పెరిగే శక్తి పూర్తిగా లేదనడం కూడా తప్పే. 1981లో డేవిడ్, అగ్వాయో అనే శాస్త్రవేత్తలు ఎలుకల కాలి నరం ముక్కను మెదడు కాండానికీ వెన్నుపాముకూ మధ్య అతికించినప్పుడు, ఆక్సాన్లు అందులో సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. అంటే అడ్డంకిలో కొంత భాగం చుట్టూ ఉన్న పరిసరాలదే.

ఇక చదువు సంగతి. రోగులతో పనిచేయాలనుకుంటే మెడిసిన్ సరైనది. చేపలోని కణాలు ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలనుకుంటే జంతుశాస్త్రం, జన్యుశాస్త్రం, నాడీశాస్త్రాలలో ఏదో ఒకదానిలో డిగ్రీ, ఆపై పీహెచ్‌డీ దగ్గరి దారి. దీనికి చాలా ఏళ్లు పడుతుందనీ, తర్వాత కూడా స్థిరమైన ఉద్యోగానికి పోటీ గట్టిగా ఉంటుందనీ దాచకుండా చెప్పాలి. గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ ఇప్పటి నుంచే నేర్చుకోమనండి. ఒక్కొక్క కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే సమాచారం కుప్పలుగా వస్తున్నందున, అవి రాని జీవశాస్త్రజ్ఞులు ఇతరులపై ఆధారపడవలసి వస్తోంది.

చదువుకన్నా ముందు చూసుకోవలసింది ఆమె ఓపిక. నాలుగు మిల్లీమీటర్ల పారదర్శకమైన చేపపిల్లకు మత్తిచ్చి, సూక్ష్మదర్శిని కింద వెన్నుపామును కోసి, రెండు రోజుల తర్వాత మెరిసే ఆక్సాన్లను చూసినప్పుడు మొదట రావలసింది సంతోషం కాదు, అనుమానం: ఇవి కొత్తగా పెరిగాయా, లేక కోతకు అందకుండా మిగిలిపోయిన పాతవా? ఈ రంగంలో ఎన్నో వాదాలకు మూలం ఆ ప్రశ్నే. దాన్ని తేల్చడానికి అదే పనిని వందసార్లు చేయాలి. సెలవుల్లో జీబ్రాఫిష్‌ను పెంచే ఏదైనా ప్రయోగశాలకు ఉత్తరం రాసి, ఒక వారం పక్కన కూర్చుని చూడనివ్వమని ఆమెనే అడగమనండి. ఆ వారం గడిచాక మెడిసినా, పీహెచ్‌డీయా అన్నది మాట్లాడుకోండి.