ఆర్కిటెక్టు లేని బృందం ఇళ్ళ రూపకల్పన పోటీకి వెళ్ళవచ్చా?

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని మీ తీరగ్రామంలో కొత్త కాలనీ ఇళ్ళు వేసవిలో కాగిపోతున్నాయనీ, తుపాను హెచ్చరిక రాగానే జనం ఆ ఇళ్ళను వదిలి బడికి చేరవలసి వస్తోందనీ రాశారు. ఈ సమస్యకు స్థానికుల నుంచే పరిష్కారాలు కోరుతున్న రూపకల్పన పోటీలో మీ యువజన సంఘం పాల్గొనాలనుకుంటోందనీ, అయితే మీలో ఒక్కరూ ఆర్కిటెక్టు కారనీ అన్నారు. తప్పక పాల్గొనండి. కాకపోతే బొమ్మ గీయడంతో మాత్రం పని మొదలుపెట్టకండి. మేము అలాగే మొదలుపెట్టి నెల రోజులు పోగొట్టుకున్నాము.

మాది అదే జిల్లాలోని వజ్రపుకొత్తూరు మండలం. నేను సివిల్ డిప్లొమా చదివి, చాలా ఏళ్ళుగా ఇళ్ళ నిర్మాణ పనులు చూస్తున్నాను. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఇలా ఐదేళ్ళలో మూడు పెద్ద తుపాన్లు మా ప్రాంతాన్ని తాకాయి. తిత్లీకి మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి చెట్లు కూలిపోవడం అందరికీ తెలిసిన విషయమే. ఆ రాత్రి మా వీధిలో గోడలు నిలిచి ఉండగానే పైకప్పులు లేచిపోవడం నన్ను ఎక్కువగా కలచివేసింది. అందుకే 2021లో ఒక స్వచ్ఛంద సంస్థ ఇటువంటి పోటీ ప్రకటించినప్పుడు ఐదుగురం బృందంగా కలిశాము: నేను, డిప్లొమా చదువుతున్న మా మేనల్లుడు, ఒక తాపీమేస్త్రీ, డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు మహిళలు.

అప్పటికి ఏడాది ముందు మొదలైన ప్రభుత్వ ఇళ్ళ పథకంలో గ్రామాల్లో ఒక్కో కుటుంబానికి సెంటున్నర స్థలం, అంటే 72 గజాలకు కాస్త ఎక్కువ, అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, దానికి 1.80 లక్షల రూపాయలు అని నిర్ణయించారు. ఆ స్థలంలోనే మత్స్యకార కుటుంబానికి తగిన ఇంటిని రూపొందించాలని పోటీవారు అడిగారు. మా మేనల్లుడు కంప్యూటర్‌లో అందమైన బొమ్మ తయారు చేశాడు. ఊళ్ళో చూపిస్తే అందరూ బాగుందన్నారు. కాగితం మీద గీసిన ప్లాను చూపించి అభిప్రాయం అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. చదువుకున్నవాడు గీసిన గీతలో తప్పు పట్టడానికి మనసొప్పదు, పైగా ఆ గీతల్లో తమ ఇల్లు ఎక్కడుందో చాలామందికి కనిపించదు.

అప్పుడు మా మేస్త్రీ, పునాదికి పోసినట్టే నేల మీద ముగ్గు పోద్దామన్నాడు. మా పని మొత్తం ఆ ఒక్క మాటతో మారిపోయింది. ఊరి పక్కనున్న ఖాళీ స్థలంలో ప్లానును అసలు కొలతలతో ముగ్గు పోసి, గుమ్మాలు, కిటికీలు ఉండవలసిన చోట ఇటుకలు పెట్టాము. రెండు కుటుంబాలను తమ సామాను తెచ్చుకోమని కోరాము. వారు నులక మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ళ బిందెలు, చుట్టిన వల తీసుకొచ్చి ఆ గీతల మధ్య సర్దుకోవడం మొదలుపెట్టిన అరగంటలోనే మా ప్లానులోని లోపాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. తొమ్మిదడుగులకు ఎనిమిదడుగుల గదిలో ఆరడుగుల మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. వల పెట్టుకోవడానికి వసారా తప్ప చోటు లేదు, అక్కడ జల్లు కొడుతుంది. స్నానాల గది తలుపు వీధి వైపు ఉంది కనుక పగటిపూట దాన్ని వాడబోమని ఆడవాళ్ళు స్పష్టంగా చెప్పారు. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలన్న పట్టు ఎవరూ వదల్లేదు. మా తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి దాదాపు ఆ వైపు నుంచే వస్తుంది, పొయ్యి మంట నిలవదు. నేను మొదట వాస్తును పక్కన పెట్టమని వాదించాను. అది నా పొరపాటు. చివరికి వంటగదిని అక్కడే ఉంచి, కిటికీని పొయ్యి ఎదుట నుంచి పక్క గోడకు మార్చి, ఎత్తు పెంచాము. ఎవరి నమ్మకాన్నీ కాదనవలసిన అవసరం రాలేదు.

పైకప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ సమస్య కూడా అదే. గాలి ఇంటి కప్పును పైనుంచి అణచడం వల్ల కాదు, చాలావరకు పైకి లాగడం వల్ల ఎగరగొడుతుంది. వాలు తక్కువగా ఉన్న రేకుల మీదుగా గాలి వేగంగా పోతున్నప్పుడు పైన పీడనం తగ్గుతుంది. ఆ సమయంలో ఒక తలుపో కిటికీయో ఊడితే లోపలికి చొరబడిన గాలి కింది నుంచి నెడుతుంది. బయటికి పొడుచుకొచ్చిన చూరు దొరికితే పట్టుకుని లేపుతుంది. మన కోస్తాలో కట్టడాల రూపకల్పనకు భారతీయ ప్రమాణాలు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి వస్తుంది. అదే విస్తీర్ణంలో సిమెంటు రేకు బరువు 20 కిలోలు కూడా ఉండదు. అంటే రేకును దాని బరువు నిలపదు, బిగింపు నిలపాలి. అంచుల్లో, కొప్పు (కప్పు పై అంచు) దగ్గర కొక్కేల బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి, రేకుల కింది దూలాలను గోడ పైన చుట్టూ పోసిన కాంక్రీటు బెల్టుకు ఇనుప కడ్డీలతో కట్టివేయాలి. వసారా కప్పును అసలు కప్పుతో కలపకుండా వేరుగా వేస్తే ఒకటి పోయినా రెండోది మిగులుతుంది.

మన పెద్దలు కట్టుకున్న చుట్టిల్లును ఈ దృష్టితో ఒకసారి చూడండి. గుండ్రని గోడ గాలికి ఎదురు నిలబడదు, పక్కలకు పోనిస్తుంది. అన్ని వైపులకూ వాలిన కప్పుకు గాలి పట్టుకునే త్రికోణపు గోడ ఉండదు. మట్టిగోడ, తాటాకు కప్పు వేసవిలో చల్లగా ఉంచుతాయి. చుట్టిల్లునే మళ్ళీ కట్టమని నేను అనడం లేదు. తాటాకుకు అగ్గి భయం ఉంది, మంచాలూ బీరువాలూ గుండ్రని గదిలో ఇమడవు. మేము నాలుగు వైపులా వాలు ఉన్న కప్పును మాత్రం దాని నుంచి తీసుకున్నాము. వేడికి రేకుల కింద తాటాకు చాప పరచాలన్న ఆలోచన నిప్పు భయంతోనే మానుకుని, కప్పు కొప్పులో వేడిగాలి పోయేందుకు జాలీ పెట్టాము.

మీ ఊరు కూడా సముద్రం పక్కనే కనుక ఇనుము విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. ఉప్పుగాలికి కడ్డీలు తుప్పు పట్టి కాంక్రీటును పగలగొడతాయి. కడ్డీపై కాంక్రీటు మందం తగ్గించకూడదు, సముద్రపు ఇసుక, ఉప్పునీరు వాడకూడదు. ఇదంతా అంచనా ఖర్చులో కనిపించాలి. ప్రభుత్వ రేట్ల పట్టికను ఆధారం చేసుకుని, ఇసుక రవాణా, కుటుంబ సభ్యుల శ్రమ విడివిడిగా రాయండి. బొమ్మ కంటే ఆ కాగితాన్నే న్యాయనిర్ణేతలు మా దగ్గర ఎక్కువసేపు చూశారు.

ఒక తప్పు చెప్పకుండా ఉండలేను. సమస్య తీవ్రత చూపాలని ఒక ఇంటి లోపలి ఫొటోలు తీసి మా పత్రాల్లో పెట్టాము. వాటిని తర్వాత ప్రదర్శనలో పెద్దవిగా వేలాడదీశారు. ఆ ఇంటి ఇల్లాలు తన చిరిగిన పక్కబట్టలు నలుగురూ చూశారని కంటతడి పెట్టుకుంది. ఫొటో తీయడానికి ఒప్పుకుంది, నిజమే. ఎక్కడ చూపిస్తారో మేము చెప్పలేదు. ఆమెను క్షమాపణ అడిగాము, ప్రదర్శన నుంచి ఆ ఫొటోలను తొలగింపజేశాము, కానీ ఆ బాధను తీర్చలేకపోయాము. మీరు ముందే చెప్పి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోండి. అలాగే నిబంధనల్లో రెండు విషయాలు సంతకానికి ముందే చదవండి: గెలిచిన ప్లాను హక్కు ఎవరిది, దాన్ని కట్టే బాధ్యత ఎవరిది. మాకు ఎవరూ కట్టివ్వలేదు. చివరి దశ వరకు వెళ్ళి బహుమతి లేకుండా తిరిగి వచ్చాము. హక్కు మా దగ్గరే ఉండడం వల్ల మేస్త్రీ ఆ కప్పు బిగింపు పద్ధతిని తర్వాత నాలుగు ఇళ్ళకు వేశాడు.

ఆర్కిటెక్టు లేని లోటును పూర్తిగా తేలికగా తీసుకోకండి. కప్పు, బెల్టు కొలతలను ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేత తనిఖీ చేయించి సంతకం తీసుకోండి. ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకులను మర్యాదగా అడిగితే సహాయం దొరికే అవకాశం ఉంది. ఈలోగా వాన లేని ఒక ఉదయం చూసి ముగ్గు పోయండి. అద్దె సామాను కాకుండా, ఆ ఇంట్లో ఉండబోయేవారి మంచమూ వలా అక్కడికి తెప్పించండి. ఏ రోజున పోస్తున్నారో ఇక్కడే రాస్తే, మా మేస్త్రీని వెంటబెట్టుకుని వస్తాను.