పెద్దయ్యాక కూడా ఇంటి గొడవల మధ్యే నలిగిపోతున్నాను. ఈ తీరును ఎలా గుర్తుపట్టాలి, ఎలా మార్చుకోవాలి?

అమ్మానాన్నల గొడవల్లో ఇద్దరూ మీకే ఫోన్ చేస్తున్నారని, ఎవరి వైపు మాట్లాడినా తప్పు మీదే అవుతోందని రాశారు. నేను ఇరవై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగం అదే.

మా ఇంట్లో పోట్లాట వస్తే రోజుల తరబడి మాటలుండేవి కావు. "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మనడుగు" అంతే. మధ్యలో నేను. ఇది మామూలే అనుకున్నాను, అన్ని ఇళ్లూ ఇంతే అని కూడా. నిజానికి అది సమస్య అని తెలిసింది నా పెళ్లయిన పదేళ్లకి.

ఒకరోజు మా ఆయన మీద కోపంతో ఎనిమిదేళ్ల మా అబ్బాయితో "తింటే తినమను, లేకపోతే మానెయ్యమను" అన్నాను. వాడు పక్క గదిలోకి వెళ్లి "నాన్నా, అమ్మ అన్నానికి రమ్మంటోంది" అని చెప్పాడు. నా మాటకి ముల్లు తీసి అందించాడు! చిన్నప్పుడు నేను చేసిందీ సరిగ్గా అదే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ముర్రే బోవెన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు దీన్ని త్రికోణం అన్నాడు. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే మూడో మనిషిని లోపలికి లాగుతారు. వేడి కాస్త తగ్గుతుంది, అసలు తగాదా మాత్రం అలాగే ఉంటుంది. నా అనుభవంలో ఇంకోటి కూడా ఉంది, ఒప్పుకోవడానికి సిగ్గే: ఆ మూడో మనిషికి 'నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు' అన్న గర్వం అలవాటైపోతుంది. మీలో అది ఉందేమో చూసుకోండి.

ఇదంతా తెలిశాక మొదట దూరంగా వెళ్లిపోయి, ఫోన్లు తగ్గించి చూశాను. లాభం లేకపోయింది, ఎందుకంటే ఆ అలవాటు నాతోనే వచ్చింది. (కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంటి సంగతి వేరు. అక్కడ ముందు దూరమే.)

చివరికి నేను చేసింది చాలా చిన్న పని. పెద్ద ప్రకటనలేమీ చేయకుండా, ప్రతిసారీ ఒకటే మాట: "అది నాన్నకే చెప్పమ్మా." తర్వాత వేరే కబుర్లు. మొదట్లో పరిస్థితి ఇంకా పాడైంది. ఫోన్లు రెట్టింపయ్యాయి, ఏడుపులు, "నువ్వూ మారిపోయావు" అనడాలు. ఎప్పుడూ దక్కేది ఒక్కసారిగా ఆగిపోతే మనుషులు ముందు గట్టిగానే అడుగుతారు. ఆ సమయంలో నేను రెండుసార్లు లొంగిపోయాను. దాంతో గట్టిగా ఏడిస్తే పనవుతుందని నేనే నేర్పినట్టయింది. మీరు మొదలుపెడితే ఆ కొన్ని వారాలకి సిద్ధపడి మొదలుపెట్టండి.

వాళ్లిద్దరూ కలిసిపోయారా అంటే, లేదు. ఇప్పుడు నా బదులు తమ్ముడు మోస్తున్నాడు. వాడికి ఒకసారి చెప్పాను, విన్నాడు, మానలేదు. మొన్న వాడి తరఫున అమ్మతో మాట్లాడదామని ఫోన్ తీసి, నంబరు నొక్కబోయి ఆగాను. మళ్లీ అదే ఉద్యోగం కదా.