నిద్రపోయి లేచాక ఆలోచించు

చిన్నా,

నీ ఉత్తరం చదివాను. కొత్తగా టీమ్ బాధ్యత నెత్తిన పడింది, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, చేసే పనికి అర్థం లేదనిపిస్తోంది, మానేయనా పెద్దమ్మా అని అడిగావు. కింద ఒక జాబితా కూడా రాశావు: తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, రోజూ గంటన్నర జిమ్, తీపి పూర్తిగా బంద్, వారానికో పుస్తకం, అన్నిటికన్నా చివర 'జీవిత లక్ష్యం కనుక్కోవడం'.

ఆ చివరిది ప్రస్తుతానికి కొట్టేయి. లక్ష్యం అక్కర్లేదని నేననను. కానీ అది గదిలో కూర్చుని ఆలోచిస్తే తేలే సంగతి కాదు. ఇన్నేళ్ళు వార్డుల్లో, ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేశాను, నీ ఈడు పిల్లల్ని చాలామందిని తయారుచేశాను. అలిసిపోయిన ఒంటితో, ఒక్కరే కూర్చుని చూసుకుంటే ఎవరికీ తమ పనిలో అర్థం కనబడదు. ముందు ఒళ్ళు తేరుకోవాలి. తర్వాత పక్కవాళ్ళతో పని కుదరాలి. ఆ తర్వాతే 'ఇదంతా ఎందుకు' అన్న ప్రశ్నకి జవాబు మొదలవుతుంది. నువ్వు ఈ వరసని తిరగేసి పట్టుకున్నావు, అందుకే ఇంత టెన్షన్.

ఉద్యోగం మానేయాలన్న ఆలోచన ఏ వేళప్పుడు వస్తోందో నువ్వే రాశావు, రాత్రి పన్నెండు దాటాక అని. ఆ వేళ వచ్చే ఆలోచనని నమ్మకు. ఎంతసేపు మేలుకుంటే మెదడు ఎలా మొద్దుబారుతుందో 1997లో ఇద్దరు పరిశోధకులు కొలిచారు. ఏకబిగిన 17 గంటలు మేలుకున్నవాళ్ళ చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోయింది. చాలా దేశాల్లో ఆ స్థాయి దాటితే బండి నడపనివ్వరు. పొద్దున ఆరింటికి లేచినవాడికి రాత్రి పదకొండుకి 17 గంటలు నిండుతాయి. అంటే బండి నడపడానికి కూడా పనికిరాని స్థితిలో నువ్వు నీ జీవితం గురించి తీర్పులు చెప్పుకుంటున్నావన్నమాట. నైట్ డ్యూటీ దిగే పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేదాన్ని: ఇంటికెళ్ళి నిద్రపోయి లేచేదాకా ఎవరితోనూ గొడవ తేల్చుకోవద్దు, రాజీనామా రాయొద్దు. నీకూ అదే చెబుతున్నాను.

కాబట్టి నాలుగున్నరకి లేవడం కూడా కొట్టేయి. ఒంటిగంటకి పడుకుని నాలుగున్నరకి లేవడం క్రమశిక్షణ అనిపించుకోదు, ఒళ్ళు గుల్ల చేసుకోవడం అంటారు దాన్ని. పెద్దవాళ్ళకి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఎప్పుడు పడుకున్నా లేచే టైము మాత్రం ఒకటే పెట్టుకో, సెలవు రోజు కూడా. పొద్దున్నే కాసేపు వెలుతురులో తిరుగు. మధ్యాహ్నం తర్వాత కాఫీ ఆపు. అందులోని కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఆఫీసు మెసేజీలు వచ్చే ఫోన్‌ని మంచం దగ్గరికి రానివ్వకు. అన్నిట్లో ఒక్కటే చేయగలిగితే ఈ నిద్ర సంగతి ఒక్కటే చూసుకో, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

జిమ్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడిస్తే సరిపోతుంది. దానికి తోడు కండరాలకి పని చెప్పే వ్యాయామం వారంలో కనీసం 2 రోజులు. ఇదివరకు ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉంటేనే లెక్కలోకి వస్తుందనేవాళ్ళు, 2020లో ఆ షరతు కూడా తీసేశారు. గబగబా మెట్లెక్కినా లెక్కే. రోజూ గంటన్నర అని పెట్టుకున్నావనుకో, మొదటి వారమే ఏదో ఒక మీటింగ్ అడ్డమొస్తుంది, రెండో వారం నీ మీద నీకే కోపమొస్తుంది, మూడో వారం షూస్ మంచం కిందకి పోతాయి. అరగంట నడక, వారానికి ఐదు రోజులు. అంతకుమించి ఇప్పుడొద్దు.

తిండి గురించి పెద్దగా చెప్పను. వేళకి తిను, కూరగాయలూ పళ్ళూ ఎక్కువ తిను, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తినకు. తీపి పూర్తిగా మానేస్తానన్న శపథాలు నాకు నచ్చవు.

ఇంకో మాట. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటుంటారు, నువ్వూ రాశావు. లండన్‌లో 96 మందితో ఈ సంగతి పరిశీలించి 2010లో అచ్చువేశారు. అలవాటు పట్టుబడినవాళ్ళలో సగంమందికి 66 రోజుల లోపు పట్టింది, మిగతా సగానికి అంతకన్నా ఎక్కువే. అందరికన్నా త్వరగా కుదిరినవాడికి 18 రోజులైతే, అందరికన్నా ఆలస్యం 254 రోజులని లెక్క తేలింది. నాకు అందులో నచ్చిన సంగతి వేరే ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటు చెడిపోలేదు. కాబట్టి ఒకరోజు నడక మానేస్తే మర్నాడు మామూలుగా వెళ్ళు, అంతే. పోయినదానికి పరిహారంగా రెట్టింపు నడవకు.

ఇప్పుడు నీ టీమ్ సంగతికొస్తాను, నీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. 'ఎవరూ సమస్య ముందు చెప్పరు పెద్దమ్మా, చివరి రోజున బయటపడుతుంది, అప్పుడు నేనే రాత్రంతా కూర్చుని సరిచేస్తాను' అన్నావు. నీకు నిద్ర కరువవడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

ఆపరేషన్ థియేటర్లో ఒక పద్ధతి చెబుతాను విను. కోత పెట్టకముందు, సర్జన్‌కి పరికరాలు అందించే నర్సూ, వెలుపల తిరుగుతూ సామాను తెచ్చిచ్చే నర్సూ కలిసి, రక్తం అద్దే గాజ్ గుడ్డ ముక్కలు లెక్కపెడతారు, ఒక్కటి కూడా రోగి ఒంట్లో ఉండిపోకూడదని. ఒకరు ఒక్కో ముక్కా విడదీసి చూపిస్తుంటే ఇద్దరూ చూస్తూ పైకి వినబడేలా అంకె చెప్పాలి. ఆ అంకె రాసిపెట్టాలి. లోపల మూసే ముందు మళ్ళీ లెక్క, చర్మానికి కుట్లు పడేటప్పుడు మళ్ళీ లెక్క. ఎంత అనుభవం ఉన్న నర్సైనా ఒక్కతే లెక్కపెట్టి 'సరిపోయింది' అనడానికి వీల్లేదు. ఒక్క ముక్క తగ్గిందా, 'లెక్క తేడా ఉంది' అని గట్టిగా చెప్పాలి. సర్జన్ ఎంత పెద్దవాడైనా ఆగాలి. అందరూ వెతుకుతారు, బకెట్లో, నేల మీద, గుడ్డల మడతల్లో. అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే తీస్తారు. ఆ గాజ్‌లో ఎక్స్‌రేకి కనబడే దారం నేసేది అందుకే. దొరికేదాకా 'ఎవరు తప్పు లెక్కపెట్టారు' అన్న ప్రశ్న ఎవరి నోటా రాకూడదు. ఆ ప్రశ్న ఒక్కసారి వచ్చిందంటే, మరుసటిసారి తేడా ఉన్నా చిన్న నర్సు నోరు విప్పదు. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే.

నీ టీమ్‌లో కూడా ఇదే జరుగుతోందేమో చూసుకో. ఎవరైనా వచ్చి 'ఇది ఆగిపోయింది' అన్నప్పుడు నీ మొదటి మాట ఏమిటి? నీ మొహం ఎలా ఉంటుంది? వాళ్ళు మాటకన్నా ముందు మొహమే చూస్తారు. 'ఇప్పుడే చెప్పావు, మంచి పని చేశావు' అను. తర్వాత 'ఇప్పుడు ఏం చేద్దాం' అని అడుగు. ఎలా జరిగిందన్నది పని గట్టెక్కాక, తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు పరిశీలించింది. బాగా కలిసి పనిచేసే జట్లలో పొరపాట్లు ఎక్కువగా నమోదై కనిపించాయట. ఆరా తీస్తే, వాళ్ళు ఎక్కువ పొరపాట్లు చేస్తున్నారని కాదు, జరిగినవి దాచకుండా చెబుతున్నారని తేలింది. నీ టీమ్ నుంచి చెడ్డ కబురు ఏమీ రావడం లేదంటే సంతోషించాల్సిన పనిలేదు.

రెండో సంగతి, పదిమందిలో పాము చావదు. ఇది మనవాళ్ళు ఊరికే అన్న మాట కాదు. రింగెల్మన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచి 1913లో ప్రచురించాడు. ఒక్కొక్కరూ విడిగా లాగేటప్పటి బలంతో పోలిస్తే, 8 మంది కలిసి లాగినప్పుడు ఒక్కో మనిషి పెట్టింది సుమారు సగమే. వాళ్ళంతా బద్ధకస్తులని కాదు. ఒకే ఊపులో లాగడం కుదరకపోవడం కొంత, ఎవరి వంతు ఎంతో కనబడకపోవడం కొంత. ఎవరి శ్రమ ఎంతో కనబడేలా చేస్తే ఆ సడలింపు తగ్గుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి 'మనం చూద్దాం' అన్న మాట మీ మీటింగుల్లోంచి తీసేయి. ఏ పని, ఎవరు, ఎప్పటికి, ఈ మూడూ పేరుతో సహా అందరికీ కనబడే చోట ఉండాలి. అందులో నీ పేరు అన్నిటికీ ఎదురుగా ఉందనుకో, పని పంచడం నీకింకా రాలేదని అర్థం.

ఇంకోటి కూడా చెప్పనీ, ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకి 19 అంశాల జాబితా ఒకటి తయారుచేసింది. కత్తి పెట్టే ముందు గదిలో అందరూ ఒక్క క్షణం ఆగి, ఎవరి పేరు వాళ్ళు, ఎవరి పని వాళ్ళు చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. 8 దేశాల్లోని 8 ఆసుపత్రుల్లో ఆ జాబితాని అమలుచేసి చూసి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అంతా పేర్లు చెప్పుకోవడం వల్లే అని నేననను, జాబితాలో ఇంకా చాలా ఉన్నాయి. కానీ నేను దగ్గర నుంచి చూసింది చెబుతున్నాను. మొదట్లో ఒక్కసారి గొంతు విప్పినవాళ్ళు అవసరమైనప్పుడు మళ్ళీ విప్పుతారు. నీ మీటింగ్‌లో కూడా చివర కూర్చుని ఏమీ మాట్లాడని పిల్ల ఉంటుంది. మొదటి ఐదు నిమిషాల్లోనే తన చేత ఏదో ఒకటి మాట్లాడించు.

ఇక అర్థం లేదన్న మాట. నువ్వు చేసేది అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ అని రాశావు. ఎప్పుడైనా దాన్ని వాడే మనిషి పక్కన కూర్చున్నావా? విశ్వవిద్యాలయానికి విరాళాలు అడుగుతూ ఫోన్లు చేసే కాల్ సెంటర్ ఒకచోట ఉండేది. ఆడమ్ గ్రాంట్ అనే ఆచార్యుడు అక్కడివాళ్ళలో కొందరిని, ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడించాడు. నెల తర్వాత చూస్తే వాళ్ళు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది. ఇంకొందరికి విద్యార్థి రాసిన ఉత్తరం మాత్రం చదవడానికిచ్చారు, వాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. మనిషిని ఎదురుగా చూడటంలో ఉన్నది కాగితంలో లేదు. ఈ ఫలితాలు వచ్చింది 2007లో, కానీ వార్డులో పనిచేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మా వార్డులో నేల తుడిచే ఆవిడ ఒకామె ఉండేది. తుడవడం అయ్యాక, లేవలేని రోగి మంచం దగ్గర నీళ్ళ గ్లాసుని అతని చేయి అందే వైపుకి జరిపి వెళ్ళేది. ఎవరూ చెప్పలేదు, ఆవిడ డ్యూటీలో అది రాసీ లేదు. తన పని ఎవరి కోసమో ఆవిడకి రోజూ కళ్ళెదుట కనబడేది.

నువ్వు తెరమీద చూసేవి టికెట్ నంబర్లు, ఎర్ర గుర్తులు. వాటిలో అర్థం వెతికితే ఎక్కడ దొరుకుతుంది? ఈ నెలలో ఒక పూట సెలవు పెట్టయినా సరే, మీ సాఫ్ట్‌వేర్ వాడే కౌంటర్ దగ్గరికి వెళ్ళు. రోజంతా దానితో కుస్తీ పట్టే మనిషి పక్కన కూర్చో. సలహాలేమీ ఇవ్వకు, ఊరికే చూడు. ఎక్కడ ఆవిడ నిట్టూరుస్తోంది, ఎక్కడ క్యూలో మనిషి విసుక్కుంటున్నాడు, అదంతా రాసుకో. వీలైతే ఆ మాట్లాడని పిల్లని కూడా వెంట తీసుకెళ్ళు.

మానేయాలా వద్దా అన్నావు. ఇప్పుడే అవునని, కాదని నేను చెప్పను. ఒక మూడు నెలలు ఆగు. నిద్రా నడకా కుదుటపరచుకుని, పని పేర్లవారీగా పంచి, వాడే మనుషుల్ని చూసొచ్చాక కూడా ఇదే అనిపిస్తే, మానేయి. పగటిపూట, కడుపునిండా తిని, బాగా నిద్రపోయి లేచినరోజున రాజీనామా రాయి. నేను నీ వెంటే ఉంటాను, మీ అమ్మకి నేనే చెబుతాను. కొన్ని ఉద్యోగాలు నిజంగానే మంచివి కావు. అవమానిస్తున్నా, అబద్ధాలు ఆడమంటున్నా మూడు నెలలు కూడా ఆగక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం నా ఉత్తరాన్ని నమ్ముకుని కూర్చోకు. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు రావడం, ఆకలి చచ్చిపోవడం, ఇలాంటివి రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది నడకతో తీరేది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఇందులో నామోషీ ఏమీ లేదు, జ్వరమొస్తే వెళ్ళమూ? ఆ రెండు వారాలూ నిండేదాకా ఆగలేననిపిస్తే ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యి.

ఈసారి ఉత్తరంలో పెద్ద విషయాలేమీ రాయొద్దు. ఎన్నింటికి లేస్తున్నావో, పని పంచిన కాగితంలో నీ పేరు ఎన్నిచోట్ల మిగిలిందో, కౌంటర్ దగ్గర ఏం చూశావో, ఇవి రాయి చాలు.

ప్రేమతో,
పెద్దమ్మ