మంటలు తగ్గాయని పాదాలను వదిలేయకండి

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. రెండేళ్ల కిందటి వరకు రాత్రిపూట అరికాళ్లలో విపరీతంగా మంటలు వచ్చేవి. ఇప్పుడు అవి వాటంతటవే తగ్గాయి. కానీ నడుస్తున్నప్పుడు చెప్పు జారిపోయినా ఒక్కోసారి తెలియడం లేదు. మడమలు పగిలాయి. కుడి బొటనవేలి కింద ఆనెకాయ ఏర్పడింది. దాన్ని బ్లేడుతో చెక్కేయమని, రోజూ ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోమని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు. వచ్చే నెల చెప్పులు లేకుండా నడిచి తిరుమల కొండ ఎక్కుతానని మొక్కుకున్నాను. వెళ్లవచ్చా? దయచేసి సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీరు ఊరటగా రాసిన విషయమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. షుగర్ బాగా అదుపులోకి వచ్చినప్పుడు మంటలు తగ్గే మాట నిజమే అయినా, చెప్పు జారిపోయిన సంగతి కూడా తెలియడం లేదంటే, పాదాల్లోని నరాలు మరింత దెబ్బతిని మంటను సైతం మెదడుకు చేరవేయలేని స్థితికి వచ్చాయేమోనని అనుమానించాలి. దీన్ని డయాబెటిక్ న్యూరోపతి అంటారు. ముల్లు గుచ్చుకున్నా, నేల కాలినా పాదాన్ని చప్పున వెనక్కి తీసుకునేది నొప్పి తెలియడం వల్లనే. ఆ నొప్పి తెలియనప్పుడు పాదాన్ని కనిపెట్టుకుని ఉండే పని కళ్లు, చేతులు చేయాలి.

స్పర్శ ఎంతవరకు ఉందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకుని పడుకోండి. ఇంట్లోవారెవరైనా మీ రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లపాటు తేలికగా తాకాలి, నొక్కకూడదు, రుద్దకూడదు. తాకిన ప్రతిసారీ అది కుడి పాదమో ఎడమ పాదమో మీరు చెప్పాలి. ఆరు వేళ్లలో రెండు లేదా అంతకంటే ఎక్కువ వేళ్లకు స్పర్శ తెలియకపోతే, పాదంలో పుండు పడే ప్రమాదం ఉన్నట్లే లెక్క. అన్నీ తెలిసినా సరే, మీ లక్షణాలను బట్టి డాక్టరు చేత మోనోఫిలమెంట్ పరీక్ష (సన్నని నైలాన్ పోగును పాదానికి ఆనించి స్పర్శ చూసేది) చేయించుకుని, పాదాలకు రక్తప్రసరణ ఎలా ఉందో కూడా చూపించుకోండి. మీరు వాడుతున్న మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే విటమిన్ బి12 పరీక్ష కూడా అవసరం. దీర్ఘకాలం ఆ మాత్ర వాడేవారిలో కొందరికి ఈ విటమిన్ తగ్గి, నరాల ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

మడమల పగుళ్లకు కూడా చాలావరకు నరాలే కారణం కావచ్చు. చెమట పట్టించే నరాలు దెబ్బతింటే పాదం పొడిబారి, చర్మం బిరుసెక్కి, నడక ఒత్తిడికి చీలుతుంది. స్నానం చేశాక పాదాలను మెత్తని గుడ్డతో అద్ది, యూరియా ఉన్న క్రీమును మడమలకు, అరికాళ్లకు రాయండి. వేళ్ల సందుల్లో మాత్రం ఏదీ రాయకుండా పొడిగా ఉంచాలి, ఎందుకంటే అక్కడ తేమ నిలిస్తే చర్మం పాచిపోయి ఫంగస్ చేరుతుంది. పగులు లోతుగా ఉండి రక్తం కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి.

ఇక ఆనెకాయను బ్లేడుతో చెక్కడం, మెడికల్ షాపుల్లో దొరికే కార్న్ క్యాప్ అంటించడం మీ విషయంలో రెండూ ప్రమాదమే. కార్న్ క్యాప్‌లోని శాలిసిలిక్ ఆమ్లం ఆనెతోపాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది, స్పర్శ తగ్గిన పాదానికి ఆ సంగతి తెలియదు. పైగా ఆనె కింద పుండు దాగి ఉండవచ్చు; లోపల నల్లగానో ఎర్రగానో మచ్చ కనిపిస్తే అక్కడ రక్తం చేరిందని అర్థం. ఆనెను డాక్టరు చేతనే తీయించుకోండి. ఒకేచోట పడే ఒత్తిడి తగ్గకపోతే అది మళ్లీ వస్తుంది కాబట్టి, మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) అడుగు, మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు తీసుకోండి. సాయంత్రానికి పాదాలు కొంచెం వాస్తాయి కనుక ఆ వేళకు వెళ్లి కొలత చూసుకోవడం మేలు.

వేడినీళ్ల సలహా పూర్తిగా మానేయండి. మీ పాదానికి గోరువెచ్చగా తోచిన నీళ్లు నిజానికి బొబ్బలెక్కించేంత వేడిగా ఉండవచ్చు. ఎక్కువసేపు నానితే చర్మం ఇంకా పొడిబారుతుంది.

ప్రతి రాత్రి మంచి వెలుతురులో పాదాలను చూసుకోండి. వంగి చూడలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి. మెట్టెల కింద తప్పనిసరిగా చూడాలి. వేలు వాచినప్పుడు బిగుసుకున్న మెట్టె చర్మంలోకి దిగుతున్నా నొప్పి తెలియక, సెంటిమెంటు కొద్దీ తీయక, చీము పట్టాక వచ్చేవారు ఉన్నారు. అది వదులు చేయించుకోవడానికి సంకోచించకండి. గోళ్లను మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోండి. చెప్పులను వేసుకునే ముందు ఒకసారి దులపండి. చిన్న గాయమైతే శుభ్రమైన నీటితో కడిగి పొడి గాజుగుడ్డ కట్టండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. పుండు, దుర్వాసన, నల్లబడిన వేలు, పాకుతున్న ఎరుపు, జ్వరం వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గాయం లేకపోయినా ఒక పాదం వాచి, రెండోదానికంటే వేడిగా అనిపిస్తే నడక ఆపేసి, ఆలస్యం చేయకుండా చూపించుకోండి. ఎముకల అమరిక దెబ్బతినే షార్కో పాదం అలాగే మొదలవుతుంది.

మొక్కు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ఈ స్థితిలో చెప్పులు లేకుండా కొండ ఎక్కవద్దు. ముందు పరీక్ష చేయించుకుని, ఆనె తీయించుకుని, ఆ చోటు పూర్తిగా మానాక ప్రయాణం పెట్టుకోండి. అప్పుడైనా మెట్లదారిలో పాదరక్షలతోనే నడవాలా, బస్సులో వెళ్లాలా అన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు చెప్పినట్లే చేయండి. గుడి దగ్గర చెప్పులు విడవక తప్పదు కాబట్టి, మేజోళ్లకు అభ్యంతరం లేనంతవరకు మందపాటివి వేసుకుని, రాతినేల కాలే మధ్యాహ్నం వేళ కాకుండా తెల్లవారుజామునో, పొద్దు వాలాకో దర్శనానికి వెళ్లేలా చూసుకోండి.