జాలి వేస్తుంది, సానుభూతి వేయదు

సందేహం: మా కళాశాలలో డాక్టర్ ఫాస్టస్ కథను నాటకంగా వేశాం. సైతానుకు ఆత్మను అమ్ముకున్న మనిషి సానుభూతికి అర్హుడా కాడా అని ఆ తర్వాత పెద్ద వాదన జరిగింది. 'సానుభూతి' తప్పు, 'సహానుభూతి' అనాలని ఒకరు, 'జాలి' చాలని మరొకరు అన్నారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: తప్పొప్పుల సంగతి ముందు తేల్చేద్దాం. సమాసంలో 'సహ' అన్నది 'స'గా మారడం సకుటుంబం, సవినయం వంటి మాటల్లో చూస్తున్నదే. స, అనుభూతి కలిసి సవర్ణదీర్ఘంతో సానుభూతి అయింది. అలా ఏర్పడిన మాట విశేషణం కావాలి కదా అని పండితులు పట్టుబట్టవచ్చు. వాడుక వారి కోసం ఆగలేదు. కన్నడ, హిందీ భాషల్లో సహానుభూతి నిలిచింది, మనకు సానుభూతి స్థిరపడింది. రెండూ రాయండి, తప్పు లేదు.

మీ అసలు తగవు క్రియలో ఉంది. ఆకలి వేసింది, భయం వేసింది అన్నట్టే 'జాలి వేసింది' అంటాం. అది మన అనుమతి అడిగి రాదు. 'సానుభూతి వేసింది' అని ఎవరూ అనరు. దాన్ని చూపుతాం, తెలుపుతాం, ప్రకటిస్తాం. చేతిలో ఉన్నది ఇచ్చేటప్పుడే కదా, పుచ్చుకునేవాడికి అర్హత ఉందా అని చూస్తాం! అందుకే 'సానుభూతికి అర్హుడు' అంటే చెవికి ఇబ్బంది లేదు, 'జాలికి అర్హుడు' అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

పైగా మన వైపు ఈ మాటకు ఇంకో బరువు ఉంది. నక్సలైట్ ఉద్యమం సాగిన రోజుల్లో వరంగల్, కరీంనగర్ వార్తలు చదివినవారికి 'సానుభూతిపరుడు' అంటే కన్నీరు పెట్టేవాడు కాదు, ఆ పక్షం మనిషి. కనుక ఫాస్టస్ పట్ల సానుభూతి అనగానే, 'అయితే సైతానును సమర్థిస్తావా?' అని మీలో ఎవరైనా లేచి ఉంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇంతకూ మీరెవరూ తలవని మాట ఒకటుంది: పాపం. ఆంగ్ల నాటకకర్త మార్లో రాసిన నాటకంలో ఫాస్టస్ 24 ఏళ్ల భోగానికి ఆత్మను రాసిస్తాడు. సొంత రక్తంతో దస్తావేజు రాస్తుంటే ఆ రక్తమే గడ్డకడుతుంది. ఒళ్లు వద్దన్నా వినడు. గడువు తీరే చివరి గంటలో కాలాన్ని ఆగమని వేడుకుంటాడు. అప్పుడు మన నోట వచ్చేది 'అయ్యో పాపం!' అతను చేసిందీ పాపమే, మనం అన్నదీ పాపమే. చేసిన పాపానికి బహువచనం ఉంది, విభక్తులు ఉన్నాయి. మనం అన్నది అవ్యయం. 'పాపం వాళ్లు' అంటాం కాని 'పాపాలు వాళ్లు' అనం. తమిళ, కన్నడాల్లోనూ ఈ మాటకు ఈ రెండు పనులూ ఉన్నాయి. హిందీవారి 'బేచారా' మాత్రం దారీ తెన్నూ లేనివాడు, అందులో పాపం ఊసే లేదు. 'ఏ జన్మలో ఏ పాపం చేశాడో' అన్న నిట్టూర్పు కుదించుకుపోయి మనకు ఈ ఒక్క మాట మిగిలిందని నా ఊహ.

నేను ఆ సభలో ఉంటే 'ఫాస్టస్ మీద జాలి వేస్తుందా?' అని ప్రశ్న మార్చమనేవాణ్ణి. చివరి గంటలో నాకు వేస్తుంది. దస్తావేజు రాసిన రాత్రికి మాత్రం నా సానుభూతి ఇవ్వను.