రీ: తప్పు ఓనర్‌దా, మెకానిక్‌దా?

అన్నా, టెక్సాస్‌లో మీ తమ్ముడు కొన్న పాత సెస్నా విమానానికి ఏటా చేసే తనిఖీలో మెకానిక్ ఒక ఏడీని (తప్పనిసరి భద్రతా ఆదేశం) వదిలేసి సంతకం పెట్టేసినాడు, బాధ్యత ఎవరిదని అడిగినారు కదా.

ఇద్దరిదీ, కానీ వేర్వేరు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన 91.403 ప్రకారం విమానాన్ని ఎగరడానికి తగినట్టు ఉంచే ప్రధాన బాధ్యత ఓనర్‌దే, ఏడీలతో సహా. చేసిన పని నాణ్యతకు 43.13 కింద మెకానిక్ జవాబు చెప్పాల. మన రేణిగుంట రోడ్డు షెడ్డులో లారీ వదిలేసి 'అంతా మేస్త్రీ చూసుకుంటాడులే' అన్నట్టు కుదరదు.

ముందు విమానం ఎగరేయొద్దని చెప్పండి. ఎఫ్‌ఏఏ సైట్‌లో విమానం మోడల్‌కే కాదు, ఇంజిన్‌కీ ప్రొపెల్లర్‌కీ ఉన్న ఏడీలు కూడా వెతికి లాగ్‌బుక్‌తో సరిచూడమనండి. మిగిలిన పని లైసెన్సున్న ఇంకో మెకానిక్‌తో చేయించి, ఏడీ నంబరు, చేసిన పద్ధతి, తేదీ రాయించాల. పాత మెకానిక్‌తో డబ్బుల పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు.